ఆక్సైడ్ థిన్ ఫిల్మ్ నిరోధం: కరెంట్ మార్చిందా, వేడి మార్చిందా?

ఎం.ఎస్సీ. అయ్యాక ల్యాబ్‌లో చేరిన మొదటి ఏడాది నా చేతికి ఒక ఫిల్మ్ ఇచ్చారు. 5 మిల్లీమీటర్ల చదరపు ముక్క. స్ట్రాన్షియం టైటనేట్ పలక మీద 100 నానోమీటర్ల మందాన లాంథనం కాల్షియం మాంగనైట్ పొర. లాంథనం 0.7 పాళ్లు, కాల్షియం 0.3 పాళ్లు. చూడ్డానికి నల్లని గాజుపెంకులా ఉంటుంది. దాని నిరోధం కరెంట్‌తో ఎలా మారుతుంది, అయస్కాంత క్షేత్రంతో ఎలా మారుతుంది అన్నది కొలవడం నా పని.

240 కెల్విన్ దగ్గర కరెంట్‌ను 10 మైక్రో ఆంపుల నుంచి 1 మిల్లీ ఆంపుకు పెంచితే నిరోధం 9 శాతం పెరిగింది. ఎన్నిసార్లు కొలిచినా అంతే. మూడు నెలలు గ్రాఫులు గీశాను. గ్రూప్ మీటింగ్‌లో చూపిస్తే మా సీనియర్ అక్క ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "అప్పుడు ఫిల్మ్ ఎంత వేడిగా ఉంది?" స్క్రీన్ మీద 240.0 అని చూపించాను. "అది థర్మామీటర్ సంగతి తమ్ముడూ. నేనడిగింది ఫిల్మ్ సంగతి" అంది.

నా మూడు నెలల డేటాలో ఎక్కువ భాగం కరెంట్ ప్రభావం కాదు, కరెంట్ వల్ల ఫిల్మ్ వేడెక్కిన ప్రభావం. ఆ తర్వాత పని మొత్తం మళ్లీ మొదటినుంచి చేశాను. ఇప్పుడు ఈ కొలతలు మొదలుపెట్టేవాళ్లకు ఆ మూడు నెలలు పోకూడదని ఇది రాస్తున్నాను. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. అక్క తెలుగులో చెప్పినప్పుడే ఇది నాకు పూర్తిగా అర్థమైంది. అందుకే తెలుగులోనే రాస్తున్నాను.

ముందు ఈ పదార్థం సంగతి

మాంగనైట్లు, అంటే మాంగనీస్ ఉన్న ఇలాంటి ఆక్సైడ్లు, కొత్తవి కావు. 1950లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ ల్యాబ్‌లో యోంకర్, వాన్ సాంటెన్ వీటి గురించి రాశారు. మరుసటి ఏడాదే జీనర్ వీటిలో కరెంట్ ప్రవహించడానికీ అయస్కాంతత్వానికీ ఉన్న లంకెను వివరించాడు. దానికి డబుల్ ఎక్స్ఛేంజ్ అని పేరు.

మా నాన్న మేస్త్రీ. స్లాబ్ పోసే రోజు కూలీలు వరుసగా నిలబడి కాంక్రీట్ తట్టలు చేతులు మార్చుకోవడం చిన్నప్పటి నుంచీ చూశాను. ఒకరు అందించే వైపుకే పక్కవాళ్లు తిరిగి ఉంటే తట్టలు పరుగెడతాయి. ఒక్కరు అటు తిరిగినా తట్ట అక్కడే ఆగుతుంది. మాంగనైట్‌లో మాంగనీస్ అయాన్లు రెండు రకాలు, మూడు ఆవేశాలవి, నాలుగు ఆవేశాలవి. మధ్యలో ఉన్న ఆక్సిజన్ మీదుగా ఎలక్ట్రాన్ ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతుంది. రెండింటి స్పిన్‌లూ (ఒక్కో అయాన్‌లో ఉండే బుల్లి అయస్కాంతం లాంటివి) ఒకే దిక్కున ఉంటేనే తేలిగ్గా దూకగలదు. చల్లగా ఉన్నప్పుడు స్పిన్‌లన్నీ ఒక దిక్కుకు తిరుగుతాయి కాబట్టి ఫిల్మ్ లోహంలా ప్రవర్తిస్తుంది. క్యూరీ ఉష్ణోగ్రత, అంటే అయస్కాంతత్వం పోయే ఉష్ణోగ్రత, దాటగానే స్పిన్‌లు చెదిరిపోతాయి, నిరోధం విపరీతంగా పెరుగుతుంది. ఇంకా వేడి చేస్తే మళ్లీ తగ్గుతుంది. ఉష్ణోగ్రత అడ్డంగా, నిరోధం నిలువుగా గీస్తే ఒక కొండ కనిపిస్తుంది. నా ఫిల్మ్‌లో ఆ కొండ శిఖరం 250 కెల్విన్‌కు కాస్త అటూ ఇటూ.

డబుల్ ఎక్స్ఛేంజ్ ఒక్కటే కథ మొత్తం కాదు. ఎలక్ట్రాన్ కూర్చున్న చోట ఆక్సిజన్ పంజరం కాస్త వంకరపోతుంది, ఎలక్ట్రాన్ ఆ గుంటలో ఇరుక్కుంటుంది. డబుల్ ఎక్స్ఛేంజ్ మాత్రమే తీసుకుంటే నిరోధం అంత పెరగడానికి లెక్క సరిపోదని 1995లో మిల్లిస్ బృందం చూపించింది. పైగా కొన్ని మాంగనైట్లలో లోహంలాంటి ముక్కలు, ఇన్సులేటర్ ముక్కలు పక్కపక్కనే కలిసి ఉంటాయి. కరెంట్ ప్రభావం ఎక్కువగా కనిపించేది ఇలాంటి చోట్లే. 1997లో జపాన్‌లో అసమిత్సు, తోకురా బృందం ప్రసియోడిమియం కాల్షియం మాంగనైట్ స్ఫటికంలో కరెంట్‌తోనే నిరోధాన్ని అమాంతం పడగొట్టి చూపించింది. అంటే కరెంట్ ప్రభావం నిజంగా ఉంది. ఉంది కాబట్టే దాన్ని వేడితో కలిపేయకూడదు.

ఫిల్మ్‌ను సిద్ధం చేయడం

ఫిల్మ్ లేజర్‌తో వేసినదైనా స్పట్టరింగ్‌తో (అయాన్లతో కొట్టి పదార్థాన్ని రాల్చే పద్ధతితో) వేసినదైనా కొలతకు ముందు మల్టీమీటర్‌తో పలక వెనక వైపు చూడండి. స్ట్రాన్షియం టైటనేట్ మంచి ఇన్సులేటరే, కానీ ఎక్కువ వేడిలో ఆక్సిజన్ తక్కువైతే అది ఆక్సిజన్ వదిలేసి తనే కరెంట్ మోస్తుంది. వెనక వైపు మెగా ఓమ్‌లలో కాకుండా కిలో ఓమ్‌లలో వస్తే ఆ ఫిల్మ్ మీద టైమ్ పెట్టొద్దు. ముందు ఆక్సిజన్‌లో వేడి చేసి మళ్లీ చూడండి.

5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఫిల్మ్‌లో 1 మిల్లీ ఆంప్ పంపితే చదరపు సెంటీమీటరుకు 200 ఆంపులే. కరెంట్ ప్రభావం చూడాలంటే అది చాలదు. అందుకే లితోగ్రఫీతో (వెలుగుతో నమూనా అచ్చు వేసి చెక్కే పద్ధతితో) ఫిల్మ్‌లో సన్నని వంతెన చెక్కించుకోవాలి. నాది 50 మైక్రోమీటర్ల వెడల్పు, వోల్టేజ్ తీగల మధ్య 200 మైక్రోమీటర్లు. అదే 1 మిల్లీ ఆంప్ ఇప్పుడు చదరపు సెంటీమీటరుకు 20 వేల ఆంపులు అవుతుంది. ఆర్గాన్ అయాన్లతో చెక్కిస్తే ఒక ప్రమాదం ఉంది. ఫిల్మ్ పోయిన చోట అయాన్లు తగిలి స్ట్రాన్షియం టైటనేట్ పైభాగం కూడా కరెంట్ మోయడం మొదలుపెడుతుంది. వంతెనతో సంబంధం లేని రెండు ప్యాడ్‌ల (తీగలు అంటించే లోహపు మచ్చల) మధ్య నిరోధం కొలిస్తే ఇది వెంటనే బయటపడుతుంది.

తీగలు నాలుగు. బయటి రెండింటిలో కరెంట్ పంపండి, లోపలి రెండింటి మధ్య వోల్టేజ్ చదవండి. రెండు తీగలతోనే కొలిస్తే ఫిల్మ్ నిరోధంతో పాటు కాంటాక్ట్ నిరోధం (తీగ ఫిల్మ్‌ను తాకే చోటి నిరోధం) కూడా లెక్కలోకి వస్తుంది. పెద్ద కరెంట్ దగ్గర కాంటాక్ట్ చేసే హడావుడిని ఫిల్మ్ చేసిందనుకుంటాం. కాంటాక్ట్ ప్రభావం కూడా విలువైనదే. 2000లో హ్యూస్టన్‌లో లియు, వూ, ఇగ్నాటియెవ్ మాంగనైట్ ఫిల్మ్‌లో వోల్టేజ్ పల్స్ (క్షణంపాటు మాత్రమే ఇచ్చే వోల్టేజ్) దిక్కు మారిస్తే నిరోధం అటూ ఇటూ మారి అలాగే నిలిచిపోతుందని చూపించారు. మెమరీ చిప్‌ల వైపు చాలామంది కదలడానికి అదొక కారణం. అలాంటి మార్పులో లోహం, ఆక్సైడ్ కలిసే చోటుకు పెద్ద పాత్ర ఉంటుందని తర్వాత తేలింది. మీరు చూడాలనుకుంటున్నది ఫిల్మ్ లోపలా, కాంటాక్ట్ దగ్గరా అన్నది ముందే తేల్చుకుంటే తీగలు ఎలా పెట్టాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

బంగారం ప్యాడ్‌లు వేసి, వాటి మీద సన్నని తీగను సిల్వర్ పెయింట్‌తో అంటించాను. పెయింట్ పూర్తిగా ఆరనివ్వండి. సగం ఆరిన పెయింట్ చల్లదనంలో పగిలి 150 కెల్విన్ దగ్గర కనెక్షన్ పోతే, రాత్రంతా చేసిన కొలత పోయినట్టే. నాకు అలా రెండుసార్లు పోయింది. ఫిల్మ్‌ను రాగి హోల్డర్‌కు అంటించేటప్పుడు కింద గ్రీజ్ పలచగా, గాలి బుడగలు లేకుండా ఉండాలి. ఫిల్మ్‌లో పుట్టిన వేడి బయటకు పోయే ముఖ్యమైన దారి అదే. థర్మామీటర్ హోల్డర్‌లో ఎక్కడో దూరాన కాకుండా, వీలైనంతవరకు ఫిల్మ్ పక్కనే ఉండాలి.

మూల రేఖ

మొదట అతి తక్కువ కరెంట్‌తో, అయస్కాంతం ఆపేసి, గది ఉష్ణోగ్రత నుంచి కిందికి నిమిషానికి ఒక కెల్విన్ చొప్పున చల్లారుస్తూ కొలవండి. మళ్లీ అదే వేగంతో పైకి తీసుకురండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఎడంగా ఉంటే వేగం సగానికి తగ్గించి మళ్లీ చేయండి. తగ్గించాక గీతలు దగ్గరైతే, ఆ ఎడం థర్మామీటర్ ఫిల్మ్‌ను అందుకోలేకపోవడం వల్ల వచ్చింది. తగ్గించినా ఎడం అలాగే ఉంటే అది పదార్థం గుణం కావచ్చు. ఇన్సులేటర్ ముక్కలు, లోహం ముక్కలు కలిసి ఉన్న మాంగనైట్లలో అలా ఉంటుంది.

ప్రతి పాయింట్ దగ్గర కరెంట్‌ను ఒకసారి ఇటు, ఒకసారి అటు పంపి రెండు వోల్టేజ్‌ల తేడాలో సగం తీసుకోండి. తీగల అతుకుల దగ్గర వేడి తేడా వల్ల పుట్టే చిన్న వోల్టేజ్ అప్పుడు దానంతట అదే పోతుంది. కానీ సగటుతో పాటు రెండు రీడింగులనూ విడివిడిగా దాచండి. దిక్కును బట్టి మారే ప్రభావం ఏదైనా ఉంటే సగటులో అది కనిపించకుండా పోతుంది. నేను మొదట్లో సగటు మాత్రమే దాచాను. తర్వాత వెనక్కి వెళ్లి చూడడానికి ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు ఈ మూల రేఖ నుంచి ఒక అంకె తీసి నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి. కొండ వాలు ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ ఒక కెల్విన్‌కు నిరోధం ఎంత శాతం మారుతోంది? నా ఫిల్మ్‌లో అది 5 శాతం. ముందుముందు అన్ని అనుమానాలూ తీర్చేది ఈ అంకే.

కరెంట్ పెంచే ముందు వేసుకోవాల్సిన లెక్క

240 కెల్విన్ దగ్గర నా వంతెన నిరోధం సుమారు 4 వేల ఓమ్‌లు. 1 మిల్లీ ఆంప్ పంపితే కరెంట్ వర్గాన్ని నిరోధంతో గుణించి 4 మిల్లీవాట్లు. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ స్థాయి వేడి ఇది, పెద్దదేం కాదనుకున్నాను. కానీ ఆ వేడి పుట్టేది 200 మైక్రోమీటర్ల పొడవు, 50 మైక్రోమీటర్ల వెడల్పు ఉన్న చోట. అంటే చదరపు సెంటీమీటరుకు 40 వాట్లు.

ఆ వేడి కింద ఉన్న పలకలోకి పరుచుకుంటూ పోతుంది. స్ట్రాన్షియం టైటనేట్ వేడిని మోసే శక్తి గది ఉష్ణోగ్రత దగ్గర మీటరుకు కెల్విన్‌కు సుమారు 11 వాట్లు. అంత చిన్న మచ్చ నుంచి పలకలోకి వేడి పరుచుకోవడానికి ఒక్కో వాట్‌కు 400 కెల్విన్లకు పైగా తేడా కావాలి. 4 మిల్లీవాట్లకు ఒకటిన్నర నుంచి రెండు కెల్విన్లు. గ్రీజ్ దగ్గర వచ్చే అడ్డంకి దీనికి అదనం. థర్మామీటర్ 240 అని చూపిస్తుంటే వంతెన 242 దగ్గర ఉందన్నమాట. కెల్విన్‌కు 5 శాతం చొప్పున రెండు కెల్విన్లకు 10 శాతం. నేను మూడు నెలలు గీసిన ఆ 9 శాతం ఇదే.

ఈ లెక్క పది నిమిషాల పని. అంచనా లెక్కే అయినా కొలతకు ముందు తప్పనిసరిగా వేయండి. వేడి వల్ల రాగల మార్పు, మీరు వెతుకుతున్న మార్పు ఒకే స్థాయిలో ఉంటే గ్రాఫ్ గీసే ముందే ఆగాలి.

దీన్ని తేల్చడానికి నేను మూడు పరీక్షలు వాడతాను. మూడింటిలో మొదటిది నాకు అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే దానికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు.

కొండకు రెండు వైపులా చూడండి. శిఖరానికి కింద, అంటే చల్లని వైపు, వేడెక్కితే నిరోధం పెరుగుతుంది. శిఖరం దాటాక వేడెక్కితే తగ్గుతుంది. పెద్ద కరెంట్‌తో వచ్చిన మార్పు చల్లని వైపు పెరుగుదలగా, వేడి వైపు తగ్గుదలగా కనిపిస్తే అది వేడి సంతకం. నా డేటా సరిగ్గా అలాగే ఉంది. రెండు వైపులా చూసి ఉంటే మొదటి వారంలోనే తెలిసేది. నేను మార్పు పెద్దగా ఉన్న చల్లని వైపు ఒక్కటే కొలిచాను. ఇక శిఖరం ఎత్తు చూడండి. వంతెన మొత్తం ఒకేలా వేడెక్కితే కొండ పక్కకు జరుగుతుంది తప్ప పొట్టిది కాదు. థర్మామీటర్ ఇంకా తక్కువ చూపిస్తుండగానే శిఖరం వచ్చేస్తుంది, అంతే. శిఖరమే కిందికి దిగితే అక్కడ వేడి కాని విషయం ఏదో ఉండే అవకాశం ఉంది. వంతెన మధ్యలో ఎక్కువ, చివర్లలో తక్కువ వేడెక్కినా శిఖరం కాస్త అణిగి వెడల్పవుతుంది. కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకుని తీర్పు చెప్పొద్దు.

రెండోది పల్స్. వేడి పరుచుకోవడానికి టైమ్ పడుతుంది. నా వంతెన సైజుకు ఆ టైమ్ మిల్లీసెకన్ల స్థాయిలో ఉంటుంది. 10 మైక్రోసెకన్ల పల్స్ పంపి, కొన్ని మిల్లీసెకన్లు ఆగి ఇంకోటి పంపితే, అదే 1 మిల్లీ ఆంప్‌కు వంతెన వేడెక్కేది నా లెక్క ప్రకారం పావు కెల్విన్ మాత్రమే. నిలకడ కరెంట్‌తో వచ్చిన 9 శాతం పల్స్‌తో ఒక శాతానికి పడిపోయింది. పల్స్‌కు నిలబడిన మార్పునే నేను ఇప్పుడు లెక్కలోకి తీసుకుంటాను. పల్స్ వెడల్పును రెట్టింపు చేస్తూ పోయి, మార్పు ఎలా పెరుగుతుందో కూడా చూడండి.

మూడోది, ఒకే ఫిల్మ్ మీద 20, 50, 100 మైక్రోమీటర్ల వెడల్పులతో మూడు వంతెనలు చెక్కించుకోవడం. వెడల్పుకు తగ్గట్టు కరెంట్ మార్చి, మూడింటిలోనూ చదరపు సెంటీమీటరుకు ఒకే ఆంపులు పంపండి. నిజమైన కరెంట్ ప్రభావమైతే మూడూ దగ్గరదగ్గరగా రావాలి. వేడైతే వెడల్పాటి వంతెనలో ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే మొత్తం వాట్లు అక్కడ ఎక్కువ.

ఇంకో మాట. కరెంట్ ఎప్పుడూ కింది నుంచి పైకే పెంచండి. ప్రతి మెట్టు తర్వాత కనిష్ఠ కరెంట్‌కు తిరిగి వచ్చి మూల రేఖ మీద ఒక పాయింట్ సరిచూడండి. ఎక్కువ విద్యుత్ క్షేత్రం కింద ఆక్సిజన్ స్థానం మారవచ్చు. అప్పుడు ఫిల్మ్ ఇక మీ పాత ఫిల్మ్ కాదు.

అయస్కాంతం పెట్టాక

అయస్కాంత క్షేత్రం చెదిరిన స్పిన్‌లను ఒక దిక్కుకు తిప్పుతుంది కాబట్టి నిరోధం తగ్గుతుంది. ఇది శిఖరం దగ్గర అన్నిటికన్నా ఎక్కువ. శిఖరం కాస్త వేడి వైపుకు కూడా జరుగుతుంది. 1994లో జిన్ బృందం లాంథనం కాల్షియం మాంగనైట్ ఫిల్మ్‌లో 77 కెల్విన్ దగ్గర, 6 టెస్లాలో 1,27,000 శాతం మార్పు చూపించాక ఈ రంగం అంతా ఒక్కసారిగా ఇటు తిరిగింది. ఆ అంకె చూసి భయపడకండి. వాళ్లు తేడాను క్షేత్రంలో ఉన్న చిన్న నిరోధంతో భాగించారు. క్షేత్రం లేనప్పటి నిరోధంతో భాగిస్తే అదే డేటా 99.92 శాతం. ఏ దాంతో భాగించారో ప్రతి గ్రాఫ్ కింద రాయండి. రాయకపోతే మీ అంకెను ఇంకొకరి అంకెతో పోల్చడం కుదరదు.

దిక్కు ముఖ్యం. క్షేత్రాన్ని ఫిల్మ్ తలానికి సమాంతరంగా పెడితే చిన్న క్షేత్రంలోనే స్పిన్‌లు తిరుగుతాయి. నిలువుగా పెడితే పొర పలచన కావడం వల్ల అయస్కాంతత్వం బయటకు తిరగడానికి మొరాయిస్తుంది. ఇదే కుటుంబానికి చెందిన లాంథనం స్ట్రాన్షియం మాంగనైట్‌లో చల్లని ఉష్ణోగ్రతల దగ్గర దాదాపు 0.7 టెస్లా దాకా పెట్టాలి. సమాంతరంగా పెట్టినా కరెంట్ వెంట పెడితే ఒక విలువ, అడ్డంగా పెడితే ఇంకో విలువ వస్తాయి. ఈ తేడాను 1857లోనే విలియం థామ్సన్ ఇనుములో, నికెల్‌లో చూశాడు. కాబట్టి హోల్డర్ మీద ఫిల్మ్ ఎటు తిరిగి ఉందో ఫోటో తీసి పెట్టుకోండి.

ఉష్ణోగ్రత నిలకడ ఇక్కడ ఇంకా కీలకం. కెల్విన్‌కు 5 శాతం వాలు మీద 0.01 కెల్విన్ కదిలినా 0.05 శాతం మార్పు వస్తుంది. చిన్న క్షేత్రాల్లో మీరు వెతికేది 0.1 శాతమైతే సగం అక్కడే పోయింది. మా ల్యాబ్‌లో మధ్యాహ్నం పూట ఏసీ ఆగి మొదలైనప్పుడల్లా రీడింగ్ ఊగేది. అందుకే సున్నితమైన కొలతలు ఏడాదంతా రాత్రి పదకొండు తర్వాతే పెట్టుకున్నాను.

సున్నా నుంచి ప్లస్ గరిష్ఠానికి, అక్కణ్ణుంచి మైనస్ గరిష్ఠానికి, మళ్లీ ప్లస్‌కు పూర్తి చుట్టు తిప్పండి. గీత ప్లస్, మైనస్ వైపుల ఒకేలా ఉండాలి. ఒకవైపు వాలి ఉంటే వోల్టేజ్ తీగలు ఒకే వరుసలో లేక హాల్ వోల్టేజ్ (క్షేత్రం వల్ల కరెంట్‌కు అడ్డంగా పుట్టే వోల్టేజ్) కలుస్తోందన్నమాట. రెండు వైపుల సగటు తీస్తే పోతుంది. ఎలక్ట్రోమాగ్నెట్ కరెంట్ సున్నా చేసినా ఇనుప ధ్రువాల్లో కొంత క్షేత్రం మిగిలే ఉంటుంది కాబట్టి క్షేత్రాన్ని కరెంట్ నుంచి లెక్కగట్టకుండా గాస్‌మీటర్‌తో నేరుగా చదవండి.

వంతెనలో పారే కరెంట్ తానే ఒక అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది కదా, నిరోధాన్ని అదే మారుస్తోందేమో అని జూనియర్లు అడుగుతుంటారు. మంచి ప్రశ్న. 50 మైక్రోమీటర్ల వెడల్పులో 1 మిల్లీ ఆంప్‌కు ఉపరితలం దగ్గర వచ్చేది సుమారు 0.13 గాస్ (టెస్లాలో పదివేలో వంతు ఒక గాస్). భూమి క్షేత్రం అంతకన్నా ఎక్కువ. దాన్ని వదిలేయొచ్చు.

రెండూ కలిపి

చివరి కొలతలో మూడు కరెంట్లు, మూడు క్షేత్రాలు తీసుకుని తొమ్మిది ఉష్ణోగ్రత గీతలు గీయండి. కరెంట్లు పల్స్‌లోనే. ప్రతి గీతకు ముందు ఫిల్మ్‌ను క్యూరీ ఉష్ణోగ్రతకు బాగా పైకి వేడి చేసి, క్షేత్రం లేకుండా చల్లార్చండి. లేకపోతే ముందు గీత జ్ఞాపకం తర్వాతి గీతలో కనిపిస్తుంది. గమనించాల్సింది ఒకటి: క్షేత్రం పెంచేకొద్దీ కరెంట్ ప్రభావం తగ్గుతోందా? చెదిరిన స్పిన్‌ల మధ్య కరెంట్ దారి తెరుచుకుంటున్నట్టయితే, అయస్కాంతం ఆ దారులను ముందే తెరిచేస్తుంది కాబట్టి కరెంట్‌కు చేయడానికి పని మిగలదు. అయితే క్షేత్రంలో నిరోధం తగ్గితే పుట్టే వేడి కూడా తగ్గుతుంది, దానివల్ల కూడా ఇదే పోకడ కనిపిస్తుంది. అందుకని ప్రతి గీత పక్కన శిఖరం దగ్గరి వాట్లు రాయండి. సమాన వాట్ల దగ్గర పోల్చినా తేడా నిలబడితేనే అది దారుల కథ.

నా రెండో విడత డేటాలో మిగిలింది శిఖరం దగ్గర ఒకటిన్నర శాతం తగ్గుదల, చల్లని వైపు, వేడి వైపు ఒకే దిశలో. 5 టెస్లా పెట్టాక దాదాపు మాయమైంది. అక్క ఆ గ్రాఫ్ చాలాసేపు చూసి, "పల్స్ వెడల్పు ఎంత?" అని మాత్రం అడిగింది. చెప్పాను. తల ఊపి పక్క పేజీకి వెళ్లింది.

కొలతలు అయ్యాక ఫిల్మ్‌ను గది ఉష్ణోగ్రతకు పూర్తిగా రానిచ్చాకే దాన్ని చల్లార్చిన ఛాంబర్ తెరవండి, లేకపోతే తేమ పడుతుంది. సిల్వర్ పెయింట్‌ను ఎసిటోన్‌తో నానబెట్టి తీగలు తీయండి, గోరుతో లాగితే ప్యాడ్ ఊడివస్తుంది. డబ్బా మీద తేదీ, చివరిగా పంపిన గరిష్ఠ కరెంట్, కొలతకు ముందూ తర్వాతా గది ఉష్ణోగ్రత దగ్గరి నిరోధం రాసి డెసికేటర్‌లో (తేమ చేరని గాజు పాత్రలో) పెట్టండి.